కొత్త చాట్ సర్వీసులోకి గ్రూప్ మార్చాలంటే: ముందు బయటికొచ్చే దారి, ఆ తర్వాతే ఇన్విటేషన్ లింక్

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "చిన్న కంపెనీ ఒకటి బ్రౌజర్‌లోనే నడిచే కొత్త మెసేజింగ్ సర్వీసు పెట్టింది, చూస్తే బాగుంది, మా గ్రూప్ మొత్తాన్ని అందులోకి మార్చేయొచ్చా?"

మార్చొచ్చు. కాకపోతే చాలామంది వరుస తిరగేసి చేస్తున్నారు. ముందు లింక్ పంపి అందరినీ చేర్చేస్తారు, నెల తర్వాత తెలుగు సెర్చ్ పనిచేయట్లేదని తెలుస్తుంది, ఇంకో నెలకి పాత మెసేజ్‌లు తెరుచుకోవట్లేదని తెలుస్తుంది, అప్పటికి సగం మంది వాట్సాప్‌కి తిరిగెళ్లిపోయి ఉంటారు. గ్రూప్ రెండు ముక్కలవుతుంది. పాత స్నేహితుల గ్రూప్ అలా చీలిపోతే మళ్లీ అతకడం ఎంత కష్టమో అడ్మిన్‌గా చేసినవాళ్లకి తెలుసు.

అందుకే ఈ గైడ్‌లో వరుస వేరుగా ఉంటుంది. ముందు బయటికొచ్చే దారి చూసుకుంటాం, తర్వాత తెలుగు, ఆ తర్వాత తాళాలు, మనుషుల్ని పిలవడం చివర్లో.

ఉదాహరణకి ఒక ఇంజినీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థుల గ్రూప్ అనుకుందాం. నూట యాభై మంది, కొందరు హైదరాబాద్‌లో, కొందరు విజయవాడలో, కొందరు డాలస్‌లో, ఇద్దరు ముగ్గురు దుబాయ్‌లో. సర్వీసుల్లో జులిప్, ఎలిమెంట్ అనే రెండిటిని ఉదాహరణగా తీసుకుంటాను. రెండూ బ్రౌజర్‌లో నడుస్తాయి, రెండూ పెద్ద కంపెనీలవి కావు, రెండిటి సోర్స్ కోడ్ (సాఫ్ట్‌వేర్ రాసిన అసలు రాత) ఎవరైనా చూసుకునేలా బయట ఉంది. మీరు చూస్తున్నది వేరే సర్వీసైనా మెట్లు ఇవే.

## 1. ఎందుకు మారుతున్నారో నాలుగు లైన్లలో రాసుకోండి

కారణం లేకుండా మారొద్దు. "వాట్సాప్ బోర్ కొట్టింది" అన్నది కారణం కాదు. "చందాల లెక్క, గెట్ టుగెదర్ ప్లాన్, గుడ్ మార్నింగ్ ఫొటోలు అన్నీ ఒకేచోట కలిసిపోయి ఏదీ దొరకట్లేదు" అన్నది కారణం. "ఫోన్ నంబర్ అందరికీ కనిపించడం కొంతమందికి ఇష్టం లేదు" అన్నదీ కారణమే.

మొదటి సమస్యకి జులిప్ లాంటిది సరిపోతుంది, అందులో ప్రతి మెసేజూ ఏదో ఒక టాపిక్ కిందే పడుతుంది. సొంత విషయాలు, ఆరోగ్య విషయాలు ఎక్కువ మాట్లాడుకునే చిన్న గ్రూప్ అయితే మెసేజ్ పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో సర్వర్ కూడా చదవలేని ఎన్‌క్రిప్షన్ కావాలి, దానికి ఎలిమెంట్ సరిపోతుంది. జులిప్‌లో మెసేజ్‌లకి అలాంటి ఎన్‌క్రిప్షన్ లేదు, అవి సర్వర్‌లో ఉంటాయి, సర్వర్ నడిపేవాళ్లు చూడగలరు. ఈ తేడా గ్రూప్‌లో అందరికీ ముందే చెప్పండి. చేరాక తెలిస్తే నమ్మకం పోతుంది.

## 2. కంపెనీ గురించి ఒక గంట చదవండి

హోమ్ పేజీలో అందమైన బొమ్మలు వదిలేయండి. కింద చివర్లో చిన్న అక్షరాల్లో ఉండే లింకులు తెరవండి.

☐ నడుపుతున్నది ఎవరు? కంపెనీ పేరు, దేశం, చిరునామా ఉన్నాయా?
☐ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ధరల పేజీ ఉందా? "ఎప్పటికీ అన్నీ ఉచితం" అని మాత్రమే ఉంటే జాగ్రత్త.
☐ ఉచిత ప్లాన్‌లో పాత మెసేజ్‌లు ఎంతవరకు కనిపిస్తాయి? జులిప్ క్లౌడ్ (జులిప్ కంపెనీయే తన సర్వర్లో నడిపేది) ఉచిత ప్లాన్‌లో చివరి 10,000 మెసేజ్‌ల వరకే వెతకగలరు. హుషారైన గ్రూప్‌కి అది కొన్ని నెలలకే నిండిపోతుంది.
☐ గత మూడు నాలుగు నెలల్లో ఏమైనా కొత్త వెర్షన్ వచ్చిందా, లేక చివరి అప్‌డేట్ రెండేళ్ల కిందటిదా?
☐ సెక్యూరిటీ లోపం కనిపిస్తే ఎవరికి చెప్పాలో రాశారా?
☐ భారతీయ సర్వీసైతే ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే పద్ధతి ఉన్నాయా? 2021 ఐటీ నిబంధనల ప్రకారం అవి సైట్‌లో పెట్టాలి.
☐ అకౌంట్ తొలగిస్తే డేటా ఎన్ని రోజుల్లో పోతుందో రాశారా?

ధరల పేజీ ఉండటాన్ని నేను మంచి గుర్తుగానే చూస్తాను. డబ్బు కట్టేవాళ్లు కొందరున్న చిన్న కంపెనీ, పెట్టుబడి మీదే నడిచే పెద్ద కంపెనీ కంటే ఎక్కువ కాలం ఉండొచ్చు. ట్విటర్ లాంటి మన దేశపు యాప్ కూ సంగతి మన తెలుగువాళ్లకి గుర్తే, తెలుగులో రాసుకోవడానికి చాలామంది అందులో చేరారు, 2024 జులైలో మూసేస్తున్నామని ప్రకటించారు. హైక్ మెసెంజర్ 2021 జనవరిలో ఆగిపోయింది. పెబుల్ అనే చిన్న సోషల్ సైట్ అయితే 2023 అక్టోబరు చివర్లో ప్రకటించి నవంబరు 1న మూసేసింది. అంటే మీకు దొరికే గడువు ఒక్కోసారి వారం రోజులే. తర్వాతి మెట్టు అందుకే అన్నిటికంటే ముఖ్యం.

గ్రూప్‌లో 18 ఏళ్లలోపు పిల్లలుంటే ఇంకొక్క విషయం. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని ఆ చట్టం చెప్తుంది. కాలనీ పిల్లల క్రికెట్ గ్రూప్‌ని ఇలాంటి సర్వీసులోకి తీసుకెళ్లే ముందు తల్లిదండ్రుల్ని అడగండి.

## 3. చేరకముందే బయటికి రావడం ప్రాక్టీస్ చేయండి

ఎక్స్‌పోర్ట్ (మెసేజ్‌లన్నీ ఫైల్‌గా దించుకోవడం) సౌకర్యం ఉందని రాసి ఉంటే సరిపోదు, చేసి చూడాలి. ఒక్కరే ఒక ట్రయల్ గ్రూప్ తెరిచి ఇలా చేయండి.

మొదట: ఒక ఇరవై ముప్పై మెసేజ్‌లు పెట్టండి. తెలుగు, ఇంగ్లిష్, ఎమోజీ, రెండు ఫొటోలు, ఒక పీడీఎఫ్, ఒక వాయిస్ మెసేజ్, ఒక మెసేజ్‌కి జవాబు, ఒక ఎడిట్ చేసిన మెసేజ్. అన్ని రకాలూ ఉండాలి.

రెండు: ఎక్స్‌పోర్ట్ చేయండి. జులిప్‌లో అడ్మిన్‌కి ఆర్గనైజేషన్ సెట్టింగ్స్‌లో డేటా ఎక్స్‌పోర్ట్స్ అని ఉంటుంది. ఎలిమెంట్‌లో రూమ్ (అక్కడ గ్రూప్‌ని అలా అంటారు) వివరాల్లో ఎక్స్‌పోర్ట్ చాట్ అని ఉంటుంది, హెచ్‌టీఎంఎల్, మామూలు టెక్స్ట్, జేసన్ మూడింట్లో ఏదైనా ఎంచుకోవచ్చు. మనుషులు చదవడానికి హెచ్‌టీఎంఎల్ తీసుకోండి, రేపు ఇంకో సర్వీసులోకి ఎక్కించడానికి జేసన్ తీసుకోండి. రెండూ తీసి పెట్టుకుంటే మంచిది.

మూడు: వచ్చిన ఫైల్‌ని ఇంటర్నెట్ ఆపేసి తెరవండి. ఈ ఒక్క పని చాలామంది చేయరు. ఫొటోలు నిజంగా ఫైల్‌లోకి వచ్చాయా, లేక సర్వర్ మీద ఉన్న ఫొటోకి లింక్ మాత్రమే వచ్చిందా అన్నది ఇంటర్నెట్ ఆపితేనే తెలుస్తుంది. కంపెనీ మూతపడిన రోజు ఆ లింకులన్నీ చచ్చిపోతాయి.

నాలుగు: తెలుగు సరిగ్గా వచ్చిందా చూడండి. కొన్ని సర్వీసులు ఇచ్చే సీఎస్‌వీ (పట్టికలా ఉండే) ఫైల్‌ని నేరుగా ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనబడొచ్చు. ఫైల్ పాడవలేదు, కంగారు పడొద్దు. ఎక్సెల్‌లో డేటా మెనూకి వెళ్లి టెక్స్ట్ ఫైల్ నుంచి తెచ్చుకునే ఆప్షన్‌లో యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు సరిగ్గా వస్తుంది. పీడీఎఫ్ రూపంలో మాత్రమే ఎక్స్‌పోర్ట్ ఇచ్చే సర్వీసుని మాత్రం నేను వద్దనే అంటాను, తెలుగు పీడీఎఫ్‌లో కంటికి బాగానే కనిపించినా, కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోవడం చాలా మామూలు.

ఐదు: ట్రయల్ అకౌంట్ తొలగించండి. బటన్ ఉందా, లేక ఈమెయిల్ రాసి బతిమాలాలా? తొలగించాక అదే వివరాలతో లాగిన్ అవుతుందా? అయితే వాళ్లు తొలగించలేదన్నమాట.

ఈ ఐదింటిలో రెండు సరిగ్గా జరగకపోతే ఆ సర్వీసు వదిలేయండి, ఎంత అందంగా ఉన్నా.

## 4. తెలుగు పరీక్ష

చిన్న కంపెనీల సర్వీసులు ఎక్కువగా ఇంగ్లిష్‌లో టైప్ చేసేవాళ్లు తయారుచేసి, ఇంగ్లిష్‌లోనే పరీక్షించినవి. తెలుగు కనిపిస్తుంది, కానీ వాడుకలోకి దిగితే తేడాలు బయటపడతాయి.

కీబోర్డు. మొబైల్‌లో జీబోర్డ్‌తో, కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డుతో, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డుతో, మూడింటితోనూ టైప్ చేసి చూడండి. ఫొనెటిక్ కీబోర్డులో పదం ఖరారు చేయడానికి ఎంటర్ కొడితే, కొన్ని సర్వీసుల్లో సగం మెసేజ్ వెళ్లిపోతుంది. అలా జరిగితే సెట్టింగ్స్‌లో "ఎంటర్ కొడితే పంపు" అనేది ఆపేసే వీలుందేమో చూడండి. లేకపోతే పదాన్ని స్పేస్‌తో ఖరారు చేసుకోవడం అలవాటు చేసుకోవాలి, పెద్దవాళ్లకి అది చిరాకే.

అక్షరాల లెక్క. మన కంటికి ఒక అక్షరం, కంప్యూటర్‌కి ఒకటి కాదు. "స్త్రీ" అని రాస్తే మనకి ఒక్క అక్షరం, కానీ స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరుగా లెక్కేస్తుంది. జులిప్‌లో టాపిక్ పేరుకి 60 అక్షరాల పరిమితి ఉంది, తెలుగులో అది మనం అనుకున్నదానికంటే ముందే అయిపోతుంది. టాపిక్ పేర్లు చిన్నగా పెట్టండి: "డిసెంబర్ కలయిక", "చందాలు 2025" లాగా.

సెర్చ్. ఇది అసలు పరీక్ష. మన భాషలో పదం చివర విభక్తులు అతుక్కుంటాయి కదా. "విజయవాడలో హాల్ బుక్ చేశాం" అని ఒక మెసేజ్, "విజయవాడకి ఎవరొస్తున్నారు" అని ఇంకోటి పెట్టి, సెర్చ్‌లో "విజయవాడ" అని కొట్టండి. రెండూ వస్తే సంతోషం. పదం యథాతథంగా ఉంటేనే పట్టుకునే సెర్చ్ అయితే ఒక్కటీ రాదు. అలాంటప్పుడు ముఖ్యమైన మెసేజ్‌ల చివర ఒక గుర్తింపు పదం విడిగా పెట్టుకోండి, హాల్ బుకింగ్ మెసేజ్ చివర "హాల్ విజయవాడ రసీదు" అని. అందరూ పాటించకపోయినా అడ్మిన్‌లు పాటిస్తే చాలు.

ఎలిమెంట్ వాడేవాళ్లకి ఒక గమనిక. ఎన్‌క్రిప్ట్ చేసిన రూమ్‌లో సెర్చ్ బ్రౌజర్‌లో పనిచేయదు, కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ యాప్ వేసుకుంటేనే పనిచేస్తుంది. చందాల లెక్క చూసే కోశాధికారికి ముందే అది వేసి ఇవ్వండి.

ఫాంట్. పాత ఆండ్రాయిడ్ ఫోన్, ఒక ఐఫోన్, ఒక విండోస్ కంప్యూటర్, మూడింట్లో ఒకే మెసేజ్ చూడండి. లైన్‌కి లైన్‌కి మధ్య జాగా చాలక కింది ఒత్తులు తెగిపోతున్నాయేమో గమనించండి. బ్రౌజర్‌లో అక్షరాల సైజు పెంచితే చాలాసార్లు సర్దుకుంటుంది, సర్దుకోకపోతే స్క్రీన్‌షాట్ తీసి కంపెనీకి పంపండి. చిన్న కంపెనీతో ఉన్న లాభం అదే, నేరుగా ఆ కోడ్ రాసినవాళ్లే జవాబివ్వొచ్చు, సరిచేయొచ్చు కూడా.

## 5. తాళం సంగతి తేల్చకుండా ఎవర్నీ పిలవొద్దు

గ్రూపులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చదవండి.

ఎలిమెంట్ లాంటి ఎన్‌క్రిప్షన్ ఉన్న సర్వీసుల్లో మీ పాస్‌వర్డ్ వేరు, మెసేజ్‌లు విప్పే తాళం వేరు. పాస్‌వర్డ్ మర్చిపోతే ఈమెయిల్‌తో మార్చుకోవచ్చు. తాళాలు మీ ఫోన్‌లోనో, బ్రౌజర్‌లోనో ఉంటాయి, వాటికి బ్యాకప్‌గా రికవరీ కీ అని పొడవాటి అక్షరాల వరుస ఒకటి ఇస్తారు. లాగిన్ అయిన పరికరాలన్నీ పోయి, ఆ కీ కూడా లేకపోతే పాత మెసేజ్‌లు తెరవడం ఎవరివల్లా కాదు, కంపెనీవల్ల కూడా కాదు. అలా ఉంటేనే ఎన్‌క్రిప్షన్‌కి అర్థం.

దీనికి బ్రౌజర్ గొడవ తోడవుతుంది. బ్రౌజర్‌లో "హిస్టరీ, సైట్ డేటా అన్నీ తుడిచెయ్" అని కొడితే ఆ తాళాలు కూడా పోతాయి. ఇన్‌కాగ్నిటో విండోలో లాగిన్ అయితే విండో మూయగానే పోతాయి. ఐఫోన్, మ్యాక్‌లలోని సఫారీ ఒక సైట్‌ని ఏడు రోజులపాటు మీరు ముట్టుకోకుండా బ్రౌజర్ వాడుతూ ఉంటే, ఆ సైట్ దాచుకున్న డేటాని తానే తుడిచేస్తుంది. ఊరెళ్లి పది రోజులకి వచ్చి చూస్తే లాగిన్ అడుగుతోందని చాలామంది అనేది ఇందుకే.

చేయాల్సింది:

☐ అకౌంట్ తెరిచిన రోజే రికవరీ కీ తీసుకోండి. కాగితం మీద రాసి ఇంట్లో ముఖ్యమైన పత్రాలుండే చోట పెట్టండి, లేదా పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టండి.
☐ కీని ఫొటో తీసి వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు. అడ్మిన్‌కి కూడా.
☐ ప్రతి ఒక్కరూ రెండు పరికరాల్లో లాగిన్ అయి ఉండాలి, ఫోన్ ఒకటి, కంప్యూటర్ ఒకటి. రెండోదాన్ని మొదటిదాంతో వెరిఫై చేయాలి, అంటే అదీ మీదేనని మొదటిదాంట్లో ఒప్పుకోవాలి.
☐ ఐఫోన్‌లో బ్రౌజర్ నుంచే వాడాలనుకుంటే సైట్‌ని హోమ్ స్క్రీన్‌కి చేర్చండి. అలా చేర్చినవాటికి ఆ ఏడు రోజుల తుడిచివేత వర్తించదు.
☐ ఇంటర్నెట్ సెంటర్‌లో, ఆఫీసులో పదిమందీ వాడే కంప్యూటర్‌లో లాగిన్ కావొద్దు.

ఇంకొకటి: ఎలిమెంట్‌లో ఒక రూమ్‌కి ఎన్‌క్రిప్షన్ ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ ఆఫ్ చేయలేరు. అందరికీ తెలియాల్సిన ప్రకటనల రూమ్‌కి అది అక్కర్లేదు, ఆన్ చేసే ముందే ఆలోచించుకోండి.

## 6. నోటిఫికేషన్లు

"మెసేజ్ వచ్చిందని తెలియట్లేదండీ" అనే మాట మొదటి వారంలో ఎక్కువగా వింటారు. గ్రూప్ ఆరిపోయేది కూడా దీనివల్లే.

ఐఫోన్‌లో వెబ్‌సైట్ నుంచి నోటిఫికేషన్ రావాలంటే ఐఓఎస్ 16.4 గానీ ఆపై వెర్షన్ గానీ ఉండాలి, సైట్‌ని హోమ్ స్క్రీన్‌కి చేర్చాలి, అక్కడినుంచి తెరిచి అనుమతి ఇవ్వాలి. మామూలు ట్యాబ్‌లో ఎన్నిసార్లు అనుమతి కోసం వెతికినా దొరకదు. యాప్ ఉంటే యాప్ వేసుకోవడం సులువు.

ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ ఆదా సెట్టింగ్ చూడండి. కొన్ని కంపెనీల ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. ఆ యాప్‌కి, లేదా బ్రౌజర్‌కి, బ్యాటరీ పరిమితి తీసేయాలి.

కంప్యూటర్‌లో రెండు చోట్ల అనుమతి ఉండాలి: బ్రౌజర్‌లో ఆ సైట్‌కి, విండోస్ సెట్టింగ్స్‌లో ఆ బ్రౌజర్‌కి. ఒకటి ఇచ్చి రెండోది మర్చిపోతుంటారు.

ఇక నిద్ర సంగతి. హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిదంటే డాలస్‌లో ముందురోజు రాత్రి. ప్రతి టాపిక్‌కీ అందరికీ మోత మోగించొద్దు. ప్రకటనలకి మాత్రమే అందరికీ నోటిఫికేషన్, మిగతావాటికి పేరు పెట్టి పిలిచినప్పుడే, అని మొదట్లోనే పెట్టండి. టైమ్ చెప్పేటప్పుడు "రేపు ఎనిమిదికి" అనొద్దు, "శనివారం రాత్రి 8, ఇండియా టైమ్" అని పూర్తిగా రాయండి. జులిప్‌లో టైమ్ పెట్టే బటన్ ఒకటుంది, దాంతో పెడితే ఎవరి ఊరి టైమ్ వాళ్లకే కనిపిస్తుంది.

దుబాయ్‌లో ఉన్నవాళ్లని ముందే హెచ్చరించండి. యూఏఈలో ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి కాబట్టి రాతలు, ఫొటోలు వెళ్లినా ఆడియో, వీడియో కాల్స్ కలవకపోవచ్చు. సర్వీసు పాడైందనుకుని వెళ్లిపోతారు పాపం.

## 7. ముందు ఏడెనిమిది మందితో

నూట యాభై మందినీ ఒకేసారి కాదు. ఏడెనిమిది మందిని ఎంచుకోండి, అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే అయితే పరీక్ష ఫలితం తప్పొస్తుంది. ఒకరు కళ్లజోడు పెట్టుకుని పెద్ద అక్షరాలతో ఫోన్ చూసేవాళ్లు ఉండాలి, ఒకరు పాత ఫోన్‌వాళ్లు, ఒకరు ఐఫోన్‌వాళ్లు, ఒకరు విదేశంలో ఉన్నవాళ్లు, ఒకరు కోశాధికారి.

రెండు వారాలు నిజమైన పని ఒకటి అందులోనే చేయించండి. ఊరికే "హాయ్, టెస్టింగ్" అని రాసుకుంటే ఏమీ తెలియదు. ఒక చిన్న కలయిక ప్లాన్ చేయండి, ఎవరు ఏం తెస్తారు, ఖర్చెంత, ఫొటోలు ఎక్కడ అన్నీ అక్కడే.

చివర్లో మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి సాయం లేకుండా లాగిన్ అయ్యారా? కిందటి వారం మాట వెతికితే దొరికిందా? వాట్సాప్‌లో అడగాలనిపించిన సందర్భం ఏది? మూడోదానికి వచ్చే జవాబులే మీరు సరిచేయాల్సినవి.

## 8. ఇల్లు సర్దండి, తర్వాత తలుపు తీయండి

ఖాళీ గ్రూప్‌లోకి పిలిస్తే వచ్చినవాళ్లకి ఏం చేయాలో తెలియదు. ముందే నాలుగైదు విభాగాలు పెట్టండి: ప్రకటనలు, కలయికలు, చందాలు, ఉద్యోగాలు, కబుర్లు. అంతకుమించి వద్దు, అవసరమైనప్పుడు పెంచుకోవచ్చు. కబుర్లు అనేది తప్పనిసరి, సరదా మాటలకి చోటివ్వకపోతే అవి చందాల్లోకి దూరతాయి.

అడ్మిన్‌లు ముగ్గురు ఉండాలి, వేర్వేరు ఊళ్లలో. ఒక్కరే ఉంటే ఆయన ఫోన్ పోయిన రోజు, ఆరోగ్యం బాగోలేని రోజు గ్రూప్‌కి దిక్కుండదు. అయితే పూర్తి అధికారం ఎవరికి ఇస్తున్నారో చూసి ఇవ్వండి, ఎలిమెంట్‌లో మీతో సమానమైన అధికారం ఇచ్చినవారిని మీరు మళ్లీ కిందికి దించలేరు.

ఇక పేర్ల సంగతి, ఇది డబ్బుతో ముడిపడింది. ఫోన్ నంబర్ అక్కర్లేని సర్వీసులో ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. మీ కార్యదర్శి పేరు, ఫొటో పెట్టుకుని ఒకడు చేరి "అర్జెంటుగా ఈ యూపీఐకి పంపండి" అంటే పంపేవాళ్లు ఉంటారు, మంచివాళ్లే ముందు మోసపోతారు. కాబట్టి:

☐ ఇన్విటేషన్ లింక్‌కి గడువు పెట్టండి, పని అయ్యాక రద్దు చేయండి. పబ్లిక్‌గా ఎక్కడా పెట్టొద్దు.
☐ జులిప్‌లో సభ్యులు తమ పేరు తామే మార్చుకోకుండా ఆపే సెట్టింగ్ ఉంది, ఆన్ చేయండి.
☐ ఎలిమెంట్‌లో పేరు కాదు, దాని కింద ఉండే పూర్తి ఐడీ చూడమని చెప్పండి.
☐ డబ్బు అడిగే మెసేజ్ చందాల విభాగంలో, కోశాధికారి నుంచి మాత్రమే. ఇంకెక్కడ వచ్చినా ఫోన్ చేసి అడగకుండా పంపొద్దు.
☐ ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

"మీ కాంటాక్ట్స్ ఇవ్వండి, మీ స్నేహితుల్ని వెతుకుతాం" అని అడిగితే కాదనండి, సభ్యులకీ అదే చెప్పండి. మీ ఫోన్‌లో ఉన్న నంబర్లు మీవి కావు, ఆ మనుషులవి.

## 9. పాత గ్రూప్ నుంచి మారే వారం

సోమవారం: వాట్సాప్ గ్రూప్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. గ్రూప్‌లో అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఎక్స్‌పోర్ట్ కాదు, కొంతసేపు ఆపి చేయాలి, ఎందుకు ఆపుతున్నారో గ్రూప్‌లో చెప్పి ఆపండి. చాలా ఏళ్ల గ్రూప్ అయితే అన్ని మెసేజ్‌లూ ఒకేసారి రాకపోవచ్చు, ముఖ్యమైన ఫొటోలు విడిగా దించుకోండి. ఈ పాత ఫైల్‌ని కొత్త సర్వీసులోకి ఎక్కించే ప్రయత్నం చేయకండి, జులిప్‌కి వాట్సాప్ నుంచి నేరుగా తెచ్చుకునే దారి లేదు, విడి జ్ఞాపకంగా దాచుకుంటే చాలు.

మంగళ, బుధ: లింక్‌తోపాటు మూడు స్క్రీన్‌షాట్లు, ఒక నిమిషం వీడియో పంపండి, తెలుగులో మాట్లాడుతూ. రాసిన సూచనల కంటే గొంతు విని చేసేవాళ్లే ఎక్కువ.

గురువారం: చేరనివాళ్లకి ఫోన్ చేయండి. గ్రూప్‌లో పేర్లు పెట్టి "ఫలానావాళ్లు ఇంకా చేరలేదు" అని రాయొద్దు, చిన్నబుచ్చుకుంటారు. ఫోన్‌లో పది నిమిషాలు కూర్చుంటే చాలామందికి పనైపోతుంది.

శనివారం: వాట్సాప్ గ్రూప్‌ని అడ్మిన్‌లు మాత్రమే రాసేలా మార్చండి. పైన వివరాల్లో కొత్త లింక్ ఎలా దొరుకుతుందో, ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. గ్రూప్‌ని డిలీట్ చేయొద్దు. ఆరు నెలలైనా ఉంచండి, కొత్త సర్వీసు ఒకరోజు ఆగిపోతే అందరికీ కబురు పెట్టడానికి అదే దిక్కు.

## 10. మామూలుగా వచ్చే ఇబ్బందులు, వెంటనే చేయాల్సినవి

"పాత మెసేజ్‌లు విప్పలేకపోతున్నాం అని చూపిస్తోంది." రికవరీ కీ అడగండి. లేకపోతే పాత ఫోన్ ఇంకా లాగిన్‌లో ఉందా చూడండి, ఉంటే దాంతో వెరిఫై చేయాలి. ఆ ఫోన్‌లో లాగౌట్ కొట్టొద్దని మొదట చెప్పండి, ఆ తర్వాతే మిగతా మాట.

"కొత్తగా చేరినవాళ్లకి ముందు మాటలేవీ కనబడట్లేదు." రూమ్ సెట్టింగ్స్‌లో చరిత్ర ఎవరికి కనిపించాలి అన్నది చూడండి. ఎన్‌క్రిప్ట్ చేసిన రూమ్‌లో ఆ సెట్టింగ్ మార్చినా పాతవి కనబడకపోవచ్చు, కాబట్టి ముఖ్యమైనవి ప్రకటనల్లో మళ్లీ పెట్టండి.

"ఓటీపీ గానీ ఈమెయిల్ గానీ రావట్లేదు." స్పామ్ ఫోల్డర్ చూడమనండి. చిన్న కంపెనీల ఈమెయిళ్లు అక్కడికే ఎక్కువ పోతాయి. ఆఫీసు ఈమెయిల్‌తో చేరొద్దు, ఉద్యోగం మారితే అకౌంట్ పోతుంది.

"అందరూ ఒకే టాపిక్‌లో రాసేస్తున్నారు." తిట్టొద్దు. జులిప్‌లో అడ్మిన్ ఆ మెసేజ్‌లను సరైన టాపిక్‌కి జరపొచ్చు. మొదటి నెల రోజూ ఐదు నిమిషాలు ఆ పని చేస్తే, తర్వాత వాళ్లే సరిగ్గా రాస్తారు.

"సైట్ తెరుచుకోవట్లేదు." కంపెనీ స్టేటస్ పేజీ ఉంటే చూడండి, వాట్సాప్ పాత గ్రూప్‌లో ఒక లైన్ రాయండి. ఈలోగా ఆ పేరుతో వచ్చే కొత్త లింకులు ఏవీ నొక్కొద్దని కూడా రాయండి, మోసగాళ్లు ఎదురుచూసేది ఇలాంటి సమయం కోసమే.

## 11. ప్రతి నెలా ఒకటి, మూసేస్తామన్న రోజు కొన్ని

నెలకొకసారి, మొదటి ఆదివారం అనుకోండి, ఒక అడ్మిన్ ఎక్స్‌పోర్ట్ తీసి ఇంకో అడ్మిన్‌కి ఇవ్వాలి. ఎన్‌క్రిప్ట్ చేసిన రూమ్ అయితే ఎక్స్‌పోర్ట్ తీసేవారి పరికరం విప్పగలిగినవే ఫైల్‌లోకి వస్తాయని గుర్తుంచుకోండి, అందుకే మొదటి నుంచీ ఉన్నవారు తీయాలి. ఆ ఫైల్‌లో అందరి సొంత మాటలూ ఉంటాయి, పెన్‌డ్రైవ్‌లోనో పాస్‌వర్డ్ పెట్టిన ఫోల్డర్‌లోనో ఉంచండి, ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు.

కంపెనీ మూసేస్తున్నామనో, ఇంకో కంపెనీ కొనుక్కుందనో ప్రకటన వస్తే ఆ రోజే ఈ వరుసలో చేయండి:

☐ పూర్తి ఎక్స్‌పోర్ట్, ఆ వెంటనే ఇంటర్నెట్ ఆపి తెరిచి చూడటం. చివరి రోజుల్లో అందరూ ఒకేసారి దించుకుంటారు, సర్వర్ మొరాయిస్తుంది.
☐ సభ్యులకి కబురు, పాత వాట్సాప్ గ్రూప్‌లో కూడా.
☐ డబ్బు కట్టే ప్లాన్‌లో ఉంటే కార్డు వివరాలు తీసేయడం, ఆటోపే ఉంటే బ్యాంకు యాప్‌లో రద్దు చేయడం.
☐ అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడి ఉంటే అక్కడ మార్చడం.
☐ అందరూ తమ ఫొటోలు దించుకున్నాక, ఒక్కొక్కరూ తమ అకౌంట్ తామే తొలగించుకోవడం. అడ్మిన్‌ల అకౌంట్లు అందరికంటే చివర్లో.